ష్యూరిటీ సంతకం

వదినగారూ, పొయ్యి మీద ఏమీ లేదుగా? అయితే ఆ కరివేపాకు రెబ్బలు గోడ మీద పెట్టి కాసేపు నిలబడండి. నిన్న సాయంత్రం మీ మరిదిగారు ఫైలు చంకలో పెట్టుకుని వచ్చారు, కాసేపటికే మొహం మాడ్చుకుని వెళ్ళిపోయారు. అడగకూడదు గానీ ఉండబట్టలేక అడుగుతున్నా. ష్యూరిటీ సంతకమేనా?

నేననుకున్నదే. అబ్బాయికి కెనడా చదువు, దానికి బ్యాంకు లోను, లోనుకి ష్యూరిటీ. అన్నయ్యగారు "ఆలోచించి చెప్తా" అన్నారంటే ఇంక పెట్టనట్టే. నేను తప్పు పట్టను. బ్యాంకులో లోన్ల సీట్లోనే జుట్టు నెరిసినదాన్ని, ఆ సంతకం సంగతి నాకు తెలియనిదా! అప్పు తీసుకున్నవాడు ఎంత బాకీయో ష్యూరిటీ పెట్టినవాడూ అంతే బాకీ. "ముందు వాణ్ణి అడగండి, లేదంటే నా దగ్గరికి రండి" అనడానికి మామూలుగా వీలుండదు. సంతకానికి వచ్చిన రోజు అన్నయ్యా అంటూ స్వీటు డబ్బా తెస్తారు. వాయిదాలు ఆగి నోటీసులు మొదలయ్యాక, ఎదురుపడితే ఫోను చెవికి ఆనించుకుని పక్క సందులోకి తిరుగుతారు. నా సీటు ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్న ష్యూరిటీలు ఎంతమందో.

మరి, వేలమంది ఓడ టికెట్ల అప్పుకి ముందుండి సంతకం పెట్టినాయన ఒకరున్నారంటే నమ్ముతారా? పైగా వాళ్ళలో ఎక్కువమంది మొహమైనా చూడకుండా! మీ మరిదిగారబ్బాయి వెళ్ళేది సాస్కటూనే కదా? ఆ ఊరికి ఉత్తరంగా కారెక్కితే గంటలోపు రాస్తర్న్ అని చిన్న ఊరు వస్తుంది. చుట్టూ గోధుమ పొలాలు. అక్కడి మనిషే. పేరు డేవిడ్ టేవ్స్. బడిపంతులు, సంఘ పెద్ద, ఇంటి నిండా పిల్లలున్న సంసారి. 1947లో పోయారు. కెనడా మెన్నోనైట్లు ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటారు.

మెన్నోనైట్లంటే ఎవరని అడుగుతారేమిటి, రోజూ చూస్తూనే ఉన్నారుగా! మన మహబూబ్‌నగర్‌లో ఎం.బి. చర్చి అంటాం, అది మెన్నోనైట్ బ్రదరెన్ చర్చే. షంషాబాద్, జడ్చర్ల, వనపర్తి, గద్వాల, దేవరకొండ, ఎక్కడ చూసినా వాళ్ళ బడులో, చర్చిలో ఉంటాయి. అంతకంటే ముందు, 1890 ప్రాంతంలో నల్లగొండలో మిషను పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ దొర ఇంగ్లీషువాడూ కాదు, అమెరికావాడూ కాదు. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైటు. టేవ్స్‌గారూ ఆ రష్యాలో పుట్టినవారే. ఫ్రీసెన్ ఇటు దక్షిణానికి వచ్చారు, ఈయన కుటుంబం తిరగని దిక్కంటూ లేకుండా తిరిగి కెనడాలో తేలింది.

వీళ్ళ మతం పుట్టింది 1520లలో, స్విట్జర్లాండులో. తర్వాత హాలెండులో మెన్నో సైమన్స్ అనే పాత పాదిరీ పెద్ద దిక్కయ్యాడు, పేరు ఆయనదే. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, పెద్దయ్యాక తెలిసి తీసుకోవాలంటారు. ప్రమాణాలు చెయ్యరు. అన్నిటికంటే ముఖ్యం, కత్తి పట్టరు. సైన్యంలో చేరమంటే చేరరు. ముఖ్యంగా ఆ పట్టుదల వల్లే ఏ రాజ్యంలోనూ స్థిరంగా ఉండిపోలేకపోయారు. హాలెండు నుంచి ప్రష్యా, ప్రష్యా నుంచి రష్యా. రష్యా రాణి కేథరిన్ "రండి, మా బీడు భూములు దున్నండి, మీ పిల్లల్ని సైన్యానికి పిలవం" అంటే 1789 నుంచి వెళ్ళి నల్లరేగడి నేలలో బంగారం పండించారు. 1870లలో జార్ ఆ మాట వెనక్కి తీసుకుని, అందరూ సైన్యంలో చేరాల్సిందే అన్నాడు. మళ్ళీ మూటాముల్లె.

టేవ్స్‌గారు 1870లో వోల్గా ప్రాంతంలో ట్రాక్ట్ అనే మెన్నోనైటు పల్లెల్లో పుట్టారు. చుట్టుపక్కల వాళ్ళు కొందరు అమెరికా దారి పట్టారు. వీళ్ళ కుటుంబం మాత్రం తూర్పుకి వెళ్ళింది! క్లాస్ ఎప్ అని ఒక బోధకుడు ఉండేవాడు. ప్రభువు త్వరలో దిగి వస్తాడు, అదీ తూర్పు దిక్కునే, అక్కడికి వెళ్ళి ఎదురుచూద్దాం అన్నాడు. 1889 అని సంవత్సరం కూడా చెప్పాడు. నమ్మినవాళ్ళు ఇళ్ళూ పొలాలూ అమ్ముకుని 1880లో గుర్రబ్బండ్లు కట్టారు. ఎడారి, మంచు, మశూచి. దారిపొడుగునా పిల్లల సమాధులు. తాష్కెంటు, బుఖారా, ఖీవా అంటూ మధ్య ఆసియా అంతా తిరిగారు. బుఖారా అమీరు పొమ్మన్నాడు, ఖీవా ఖాను ఉండమన్నాడు గానీ దోపిడీ దొంగలు ఉండనివ్వలేదు.

ఆ బండ్లలో పదేళ్ళ డేవిడ్ ఉన్నాడు. ప్రభువు కోసం ఎదురుచూడ్డం సరే, పిల్లల కడుపు మాటేమిటని తల్లిదండ్రులకు అనిపించిందో ఏమో, 1884లో విసిగిపోయినవాళ్ళు కొందరు తిరుగు ముఖం పట్టి అమెరికా వెళ్ళిపోయారు. వాళ్ళలో టేవ్స్ కుటుంబం కూడా ఉంది. కాన్సాస్‌లో న్యూటన్ దగ్గర వ్యవసాయం మొదలుపెట్టారు. 1889 వచ్చింది, వెళ్ళింది. ఎప్ లెక్క తప్పిందని 1891 అన్నాడు. అదీ వెళ్ళింది.

ఇలాంటి చిన్నతనం గడిచినవాడికి రెండే దారులు, వదినగారూ. ఒకటి, ఇంక జన్మలో ఎవరినీ నమ్మకపోవడం. రెండోది, దారిన పడ్డవాడి కష్టం తెలిసి ఉండటం. ఈయన రెండో రకం. హాల్‌స్టెడ్‌లో చదువుకుని పంతులయ్యారు. 1890ల మొదట్లో కెనడా మానిటోబాకి, అక్కణ్ణుంచి సాస్కచెవాన్‌కి వెళ్ళారు. 1900లో మార్గరెతె ఫ్రీసెన్‌ని పెళ్ళి చేసుకున్నారు. రాస్తర్న్‌లో 1905లో వాళ్ళ సంఘం వాళ్ళు జర్మన్-ఇంగ్లీష్ అకాడమీ అని బడి పెడితే పదేళ్ళకు పైగా ప్రిన్సిపాలుగా చేశారు. ఆ బడి ఇప్పటికీ ఉంది, రాస్తర్న్ జూనియర్ కాలేజీ అంటారు. 1913లో సంఘానికి పెద్ద అయ్యారు. మన దగ్గర బిషప్పు అంటే బంగళా, కారు గుర్తొస్తాయి. అక్కడ ఆ పదవికి జీతమంటూ లేదు. పెళ్ళిళ్ళు, చావులు, తగాదాలు, అందరి బాధ్యతా మీదుంటుంది. ఇల్లు గడవాలంటే మాత్రం మన పని మనం చేసుకోవాల్సిందే.

ఇలా హాయిగా సాగిపోవాల్సిన బతుకే. కానీ అటు రష్యాలో ఉండిపోయిన చుట్టాలకి నెత్తిన పిడుగు పడింది. 1917లో విప్లవం, ఆ వెనకే అంతర్యుద్ధం. ఎర్రసైన్యం ఒక వారం, తెల్లసైన్యం ఒక వారం. 1919లో మఖ్నో అనేవాడి ముఠాలు మెన్నోనైటు పల్లెల మీద పడి మగవాళ్ళని నరికేశాయి. ముఠాల వెంట వచ్చిన పేలు టైఫస్ జ్వరాన్ని అంటించిపోయాయి. 1921లో వాన లేదు, గింజ లేదు, ఉన్న గింజ సర్కారు లాక్కుంది. కరువు. అమెరికా, కెనడా మెన్నోనైట్లు కలిసి 1920లో ఒక కమిటీ పెట్టుకుని, 1922 వేసవి నాటికి రోజుకి పాతిక వేలమందికి అక్కడ గంజీ రొట్టే పెట్టించారు. గంజి పోస్తే ఈ పూట గడుస్తుంది. రేపు? "మమ్మల్ని ఇక్కణ్ణుంచి తీసుకుపొండి" అని ఉత్తరాలు మొదలయ్యాయి.

తీసుకెళ్ళడం ఎలా? కెనడా తలుపుకి తాళం వేసుంది. 1919లో మెన్నోనైట్లు దేశంలోకి రాకూడదని ప్రభుత్వం ఆర్డరు వేసింది. యుద్ధంలో మా కుర్రాళ్ళు చచ్చిపోతుంటే వీళ్ళు కత్తి పట్టం అన్నారని జనానికి కోపం. టేవ్స్‌గారూ మరికొందరూ ఒట్టావా చుట్టూ తిరిగారు. ప్రభుత్వం మారి మెకంజీ కింగ్ ప్రధాని అయ్యాక 1922 జూన్‌లో ఆ ఆర్డరు ఎత్తేశారు. షరతులు పెట్టారనుకోండి. వచ్చినవాళ్ళు వ్యవసాయమే చెయ్యాలి, వాళ్ళకి మీ సంఘం ఆశ్రయమివ్వాలి, ఒక్కరు కూడా ప్రభుత్వానికి భారం కాకూడదు.

తాళం తీశారు, ఛార్జీలెవరిస్తారు? రష్యాలో వాళ్ళ దగ్గర కట్టుబట్టలు తప్ప ఏమీ లేవు. అప్పుడు కెనడియన్ పసిఫిక్ రైల్వే ముందుకొచ్చింది. దానికి రైళ్ళే కాదు, ఓడలూ ఉన్నాయి, పడమటి మైదానాల్లో అమ్ముడుపోని భూములూ ఉన్నాయి. కష్టపడే రైతులు వస్తే దానికీ లాభమే. "మేం తీసుకొస్తాం, ఛార్జీ తర్వాత ఇవ్వండి. కానీ బాధ్యత ఎవరిది? ఎవరో ఒకరు సంతకం పెట్టాలి" అంది. అప్పటికే వలస పనుల కోసం బోర్డు పెట్టుకున్నారు, దానికి ఛైర్మను టేవ్స్‌గారు. మొదటి ఒప్పందమే మూడు వేల మందికి. కాగితం వచ్చాక బోర్డులో వాళ్ళే కొందరు వెనకాడారు. 1922 వేసవిలో ఈయన కలం తీసి కెనడా మెన్నోనైట్ల తరఫున సంతకం పెట్టేశారు.

ఇక్కడ నాలోని బ్యాంకు మనిషి అడుగుతోంది, ష్యూరిటీ ఆస్తిపాస్తులేమిటి? పంతులుగారి ఇల్లూ సామాన్లూ అమ్మినా ఆ అప్పులో ఏ మూలకీ రావు. మా మేనేజరైతే ఆ దరఖాస్తు మొహాన కొట్టేవాడు. రైలు కంపెనీ తరఫున చూసిన కర్నల్ డెన్నిస్‌కి మాత్రం ఈ జనం సంగతి ఎరుకే. 1870లలో వచ్చిన మెన్నోనైట్లు కెనడా ప్రభుత్వం దగ్గర తీసుకున్న అప్పు తీర్చేసి ఉన్నారు. తాతల నాటి ఆ పరపతే ఈయనకి పెట్టుబడి.

సంతకం సంగతి బయటికి రాగానే ఊళ్ళలో గొడవ. "మా పొలాలు తాకట్టు పెట్టాడా?" అని సంఘాలకి సంఘాలే లేచాయి. "ఆ అప్పుకీ మాకూ సంబంధం లేదు" అని రాసినవాళ్ళున్నారు. వాళ్ళని మాత్రం ఏమంటాం? మన అన్నయ్యగారి మాటే వాళ్ళదీ. బీడు నేలని చెమటోడ్చి పొలం చేసుకున్నవాళ్ళు, ఎవరో తమ పేరున సంతకం పెడితే భయపడరూ?

1923 జూన్ 22న ఉక్రెయిన్‌లోని ఖోర్టిట్సా స్టేషనులో మొదటి గుంపు సామాన్ల రైలు ఎక్కింది. 738 మంది. పశువుల్ని, సరుకుల్ని తోలే పెట్టెలు. ప్రయాణానికి వాళ్ళ ఆడవాళ్ళు చేసుకున్న ఏర్పాటు చెప్తే మీకు నచ్చుతుంది. జ్వీబాక్ అని ఒక రొట్టె. పెద్ద ఉండ మీద చిన్న ఉండ నొక్కి, రెండంతస్తులుగా కాలుస్తారు. ఆదివారం తాజాగా వెన్నతో తింటారు. దూరప్రయాణమంటే మాత్రం వాటిని తుంచి, పొయ్యిలో సన్నసెగన తడి పూర్తిగా పోయేదాకా మళ్ళీ ఎండబెట్టి సంచుల్లో పోస్తారు. నెలలైనా పాడవవు. తినేటప్పుడు కాఫీలోనో టీలోనో ముంచితే మెత్తబడతాయి. మనం అమెరికా వెళ్ళే పిల్లలకి కందిపొడీ పచ్చళ్ళూ కట్టిచ్చినట్టే. కరువు నుంచి బయటపడ్డ ఇంట్లో ఆ సంచి నింపడానికి పిండి ఎక్కణ్ణుంచి కూడబెట్టారో ఆ తల్లులకే తెలియాలి.

లాత్వియా సరిహద్దులో ఎర్రగేటు అనేవాళ్ళు, అది దాటితే రష్యా అయిపోయినట్టు. అది దాటగానే పెట్టెల్లోంచి పాటలు లేచేవట. తర్వాత పేలు పోవడానికి స్నానాలు, బట్టలకి ఆవిరి, డాక్టర్ల పరీక్ష. అన్నిటికంటే కళ్ళ పరీక్షంటే హడలు. ట్రకోమా అని కంటిరెప్ప లోపల గరుకుగా లేచే జబ్బు, రష్యా పల్లెల్లో బాగా ఉండేది. అది ఉన్నవాళ్ళని కెనడా రానివ్వదు. మొగుడు బాగుండి పెళ్ళానికుంటే? పిల్లలు బాగుండి తల్లికుంటే? జర్మనీలో లెక్‌ఫెల్ట్ క్యాంపులోనో, ఇంగ్లండులో సౌతాంప్టన్ దగ్గరో ఆపేసేవాళ్ళు. నెలలు, కొందరికి ఏళ్ళు. డాక్టరు టార్చిలైటు కింద సంసారాలు రెండు ముక్కలైపోయేవి. ఆ క్యాంపుల తిండి ఖర్చు, మందుల ఖర్చు కూడా టేవ్స్‌గారి బోర్డు ఖాతాలోకే చేరేది.

మొదటి గుంపు ఎంప్రెస్ ఆఫ్ ఫ్రాన్స్ ఓడలో జూలై 17న క్విబెక్ చేరింది. అక్కణ్ణుంచి రైల్లో దేశం సగం దాటి 21న రాస్తర్న్ స్టేషనుకి వచ్చింది. ఆ చుట్టుపక్కల మెన్నోనైట్లంతా బండ్లు కట్టుకుని వచ్చారు. సంతకం మీద గొణిగినవాళ్ళూ ఆ గుంపులో ఉండే ఉంటారు. రైలు దిగినవాళ్ళు పాడారు, ఎదురొచ్చినవాళ్ళు అందుకున్నారు. సాయంత్రానికి వచ్చినవాళ్ళందరినీ పంచుకుని ఎవరింటికి వాళ్ళు తీసుకెళ్ళారు. ఒక్కో ఇంట్లో ఒక్కో కుటుంబం, కొన్నాళ్ళ పాటు. మన ఇంట్లో చుట్టాలు పది రోజులుంటే బాత్రూము దగ్గర ఎంత సణుగుడో మీకు తెలియంది కాదు!

అలా 1930 దాకా ఇరవై వేల పైచిలుకు మంది వచ్చారు. సగానికి బాగా మించి అప్పు టికెట్టు మీదే. వడ్డీ కాక అసలే 17 లక్షల డాలర్లు దాటింది, అదీ ఆ రోజుల డాలర్లు. ఇంకో విచిత్రం చూడండి. వీళ్ళిటు దిగుతుంటే, మానిటోబాలో పాతకాపులైన మెన్నోనైట్లు కొన్ని వేలమంది అటు మెక్సికోకి సర్దుకున్నారు. మా బళ్ళలో ఇంగ్లీషే చెప్పాలని ప్రభుత్వం బలవంతం చేస్తోంది, మేం ఉండం అని. వాళ్ళు వదిలిన పొలాల్లో కొన్నింటిని కొత్తవాళ్ళు తీసుకున్నారు. దేశమొకటే. ఒకరికి జైలు, ఇంకొకరికి మోక్షం.

టేవ్స్‌గారి సొంత ఇంటి మాటకొస్తే చెప్పడానికి నోరు రావడం లేదు. ఊరందరి పిల్లల్నీ గట్టెక్కించే పనిలో ఉన్న మనిషికి 1926లో రాస్తర్న్‌లో సొంత ఇల్లు తగలబడింది. ఒక కూతురు ఆ మంటల్లో పోయింది. అలాంటి దెబ్బ తగిలాక "నా వల్ల కాదు, ఇంకెవరినైనా చూసుకోండి" అంటే కాదనేవాళ్ళు ఎవరు? ఆయన అనలేదు. బోర్డు ఛైర్మనుగా ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళు కొనసాగారు. మార్గరెతెగారి గురించి పుస్తకాల్లో అంతగా రాయరు. మొగుడు ఒట్టావా, మాంట్రియల్ రైళ్ళలో తిరుగుతుంటే ఆ దుఃఖంతో పాటు మిగతా పిల్లల్నీ, వచ్చేపోయే అతిథుల్నీ ఆవిడే మోసుకుంది. ఆ సంతకంలో సగం ఆవిడదే అంటాను నేను.

1929లో ఇంకో దెబ్బ. స్టాలిన్ పొలాలు లాక్కోవడం మొదలుపెట్టాక, కెనడా వెళ్ళే చివరి అవకాశమని ఎవరో అంటే పది వేలకు పైగా జనం, ఎక్కువమంది మెన్నోనైట్లే, మాస్కో శివార్లలో పోగయ్యారు. చలికాలం. టేవ్స్‌గారు మళ్ళీ ఒట్టావా పరిగెత్తారు. ఈసారి కెనడాలో నిరుద్యోగం, సాస్కచెవాన్ ప్రభుత్వం ససేమిరా అంది. చివరికి ఐదు వేలకు పైగా మందిని జర్మనీ తీసుకుంది, వాళ్ళలో చాలామంది పరాగ్వే, బ్రెజిల్ అడవులకి చేరారు. మిగతావాళ్ళని రష్యా రైళ్ళలో కుక్కి వెనక్కి పంపింది. అలా వెళ్ళినవాళ్ళలో ఎంతమంది సైబీరియా చూశారో! 1937, 38ల్లో రాత్రుళ్ళు తలుపు కొట్టి మగవాళ్ళని పట్టుకుపోవడం, 1941లో ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ చేయించి తూర్పుకి తోలడం, ఇవన్నీ అక్కడ మిగిలినవాళ్ళకి జరిగాయి. 1922లో ఆ కలం ఆగి ఉంటే ఇరవై వేలమందికీ ఇదే రాసిపెట్టి ఉండేది.

ఇప్పుడు అసలు కథ, అంటే నా సీటు కథ. వసూళ్ళు! అప్పిచ్చేటప్పుడు అందరూ దండలేస్తారు. 1930లు కెనడా మైదానాల్లో పాడు కాలం. గోధుమ ధర నేలకి దిగింది, వానల్లేవు, దుమ్ముగాలికి పొలాలే ఎగిరిపోయాయి. కొత్తగా భూమి కొన్నవాళ్ళు భూమి వాయిదా కట్టాలా, ఓడ వాయిదా కట్టాలా, పిల్లలకి బూట్లు కొనాలా? దానికి తోడు వచ్చినవాళ్ళలో ఎవరికైనా మతి చలించి ఆసుపత్రిలో చేరితే, ప్రభుత్వం దేశం నుంచి పంపేస్తానంటుంది. పంపకుండా ఆపాలంటే ఆ ఆసుపత్రి బిల్లు సంఘమే కట్టాలి. అందుకని తలకింత అని చందా వేశారు. భారం కానివ్వమని మాటిచ్చాం కదా!

ఈ బాకీ తీర్చడంలో పెద్ద చెయ్యి ఎవరిదో తెలుసా? ఆడపిల్లలది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు పల్లెల నుంచి విన్నిపెగ్, సాస్కటూన్, వాంకూవర్ వెళ్ళి షావుకార్ల ఇళ్ళలో పనికి కుదిరారు. అంట్లు తోమడం, నేల తుడవడం, పిల్లల్ని ఆడించడం. భాష రాదు. రష్యాలో పనివాళ్ళని పెట్టుకున్న ఇళ్ళ పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. జీతంలో తమకి చిల్లర ఉంచుకుని మిగతాది నాన్నకి పంపేవారు, ఆయన ఓడ బాకీకి జమ కట్టేవాడు. ఆ పిల్లలు దారి తప్పకుండా సంఘాలు ఊళ్ళలో హాస్టళ్ళలాంటివి నడిపాయి. విన్నిపెగ్‌లో మరియా-మార్తా హోమ్ అలాంటిదే. గురువారం మధ్యాహ్నం పనిపిల్లలకి సెలవు. అందరూ అక్కడ చేరి సొంత భాషలో మాట్లాడుకుని, పాడుకుని, కాఫీ తాగి, చీకటి పడేలోపు మళ్ళీ ఎవరి వంటింట్లోకి వాళ్ళు. మన ఊళ్ళ నుంచి గల్ఫు వెళ్ళి ఇళ్ళలో పనిచేస్తూ చెల్లెళ్ళ పెళ్ళిళ్ళ బాకీ తీర్చిన అమ్మాయిలుంటారే, వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

వసూలుకి సి.ఎఫ్. క్లాసెన్ అనే ఆయన దేశమంతా తిరిగాడు. తనూ రష్యా నుంచి వచ్చినవాడే. ఇల్లిల్లూ ఎక్కి, ఉన్నవాణ్ణి బతిమాలి, లేనివాడికి ఓదార్పు చెప్పి, డాలరూ రెండు డాలర్లూ పోగేశాడు. కొందరు చచ్చిపోయారు, కొందరు చేతులెత్తేశారు. అప్పుడు సొంత బాకీ తీర్చుకున్నవాళ్ళని పక్కవాడి బాకీలో కూడా కొంత వేసుకోమన్నారు. వేసుకున్నారు! నా ఉద్యోగంలో ఇలాంటిది ఒక్క కేసు చూళ్ళేదండీ. రైలు కంపెనీ కూడా పెద్దమనిషి తరహాలో వడ్డీలో పెద్ద భాగం మాఫీ చేసింది. అసలు మాత్రం పైసాతో సహా తీరింది. 1946 నవంబరులో ఖాతా మూసేశారు. మొదటి సంతకానికీ చివరి జమకీ మధ్య ఇరవైనాలుగేళ్ళు.

అప్పటికి టేవ్స్‌గారు డెబ్భై ఆరేళ్ళ ముసలాయన. కబురు చెవిన పడింది. మూడు నెలలకి, 1947 ఫిబ్రవరి 25న రాస్తర్న్‌లో కన్నుమూశారు. ఎవరికీ ఒక్క డాలరు బాకీ మిగల్చలేదు. అదే ఏడు రెండో ప్రపంచయుద్ధం వదిలిపెట్టిన మెన్నోనైటు శరణార్థులు కెనడాకి రావడం మొదలై, కొద్ది ఏళ్ళలో ఏడు వేలు దాటారు. ఈసారి తలుపు తట్టేవాళ్ళ చేతిలో తీరిన ఖాతా ఉంది.

ఇంతా విని "అయితే సంతకం పెట్టమంటారా?" అంటారేమిటి వదినగారూ! అది అన్నయ్యగారి ఇష్టం. ఇంటి పరిస్థితి చూసుకుని, కుర్రవాడి బుద్ధి చూసుకుని పెట్టాలి. మొహమాటానికి సంతకం పెట్టమని బ్యాంకు మనిషిగా నేను చచ్చినా చెప్పను. టేవ్స్‌గారంతటి మనిషి వీధికొకరు ఉండరు, ఉండమని అడగడం కూడా న్యాయం కాదు.

నాకు అర్థమైంది ఒకటే. ఆయన గొప్పవాడే, కాదనను. కానీ గురువారం మధ్యాహ్నం తప్ప ఊపిరి తీసుకోని ఆ పనిపిల్లలు జీతం పంపకపోయి ఉంటే, ఇవాళ ఆయన పేరు ఊరందర్నీ ముంచినవాడని చెప్పుకునేవాళ్ళు. సంతకం పెట్టినవాడి పరువు ఎప్పుడూ పెట్టించుకున్నవాడి చేతిలోనే ఉంటుంది. అందుకని నా సలహా మీ మరిదికీ కాదు, అన్నయ్యగారికీ కాదు, ఆ కుర్రవాడికి. రేపు సాస్కటూన్‌లో మొదటి జీతం అందుకోగానే కొత్త ఫోను కొనేముందు వాయిదా కట్టమనండి. ఇది వింటున్న మీలో ఎవరి లోను కాగితం మీదైనా ఒక మేనమామో, బాబాయో, పాత స్నేహితుడో సంతకం పెట్టి ఉంటే, ఈ నెల తేదీ దాటనివ్వకండి. కట్టిన రోజు ఆయనకి ఫోను చేసి, కట్టేశానని ఒక్క మాట చెప్పండి.